డైనోసార్ బొమ్మల్లో ఏది తీసుకోవాలి? అలమర నింపే ముందు తేల్చుకోవాల్సినవి

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర, గోదావరి లోయ రాళ్ళలోంచి తవ్వి తీసిన ఎముకలవి. జంతువు పొడవు సుమారు 9 మీటర్లు. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు అక్కడికి తీసుకెళ్తే, దాని ముందు నుంచి పావుగంట కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని, "నాన్నా, దీని బొమ్మ మనింట్లో ఉండాలి" అంది.

మా సేకరణ అలా మొదలైంది. కోటసారస్ బొమ్మ ఇప్పటిదాకా నాకు ఏ కంపెనీలోనూ కనబడలేదు. దాన్ని వెతుకుతూ పోతుంటే వేరే జంతువులు నలభై దాకా ఇంటికి చేరాయి. అందులో కొన్ని తప్పు కొనుగోళ్ళు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, ఆశపడి తెప్పించుకున్న బొమ్మ పెట్టె విప్పగానే "ఇది కాదు కదా" అనిపించడం ఎక్కువ బాధ. మీకు అలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు అడిగేది "ఏ కంపెనీ మంచిది?" అని. దానికి నేను వెంటనే జవాబు చెప్పను. "నిజంలా ఉండాలి అంటున్నారు కదా, ఏ నిజం?" అని తిరిగి అడుగుతాను. డైనోసార్ బొమ్మల్లో రెండు రకాల నిజాలున్నాయి. ఒకటి కంటికి నిజం, రెండోది ఎముకకు నిజం.

కంటికి నిజమంటే చర్మం మీద ముడతలు, పొలుసు పొలుసుకీ మధ్య నీడ, చిగుళ్ళ తడి, కంట్లో మెరుపు. ఫొటో తీస్తే ప్రాణం ఉన్నదేమో అనిపించాలి. ఎముకకు నిజమంటే ఆ జంతువు శిలాజాలు చెప్పిన దానికి బొమ్మ లోబడి ఉండటం. కాళ్ళ పొడవు, తల పరిమాణం, వేళ్ళ లెక్క, ఈకలు ఉండాల్సిన చోట ఈకలు. ఈ రెండూ ఒకే బొమ్మలో కుదరడం ఈమధ్యే బాగా జరుగుతోంది. చాలాకాలం ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాల్సి వచ్చేది.

దీనికి తేటైన ఉదాహరణ ఫ్రాన్స్‌కి చెందిన పాపో, అమెరికాలో ఫ్లోరిడాకి చెందిన సఫారీ అనే బొమ్మల కంపెనీలు. రెండింటి టైరనోసారస్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పాపో బొమ్మ మెడ మీద చర్మం మడతపడిన తీరు, తెరుచుకుని మూసుకునే దవడ చూస్తే చేతిలోంచి కింద పెట్టబుద్ధి కాదు. కానీ ఆ రూపం 1993 నాటి హాలీవుడ్ సినిమా మనసులో నాటిన టైరనోసారస్‌ది. సినిమా చూసి పెరిగిన మన తరానికి అదే "అసలైనది" అనిపిస్తుంది. సఫారీ బొమ్మ మీద పని అంత సూక్ష్మంగా ఉండదు, రంగులు కూడా సాదాగా ఉంటాయి. కానీ డగ్ వాట్సన్ అనే శిల్పి చేతి నుంచి గత కొన్నేళ్ళలో వచ్చిన సఫారీ బొమ్మల్లో శరీర నిర్మాణం చాలా శ్రద్ధగా ఉంటుంది. తక్కువ ధరలో ఎముకకు నిజమైన బొమ్మ కావాలనుకునే వాళ్ళకి నేను చెప్పే మొదటి పేరు సఫారీయే.

నా మొదటి బొమ్మ పాపో. పదో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి నా మనసు సఫారీ వైపు తిరిగింది. మీరు కంటికి నిజం వైపే ఉండిపోతే అందులో తప్పేమీ లేదు. కానీ మీరు ఎటువైపో కొనకముందే తెలుసుకోండి.

పొట్ట కింద ఉన్న సంవత్సరం

బొమ్మ చేతికి రాగానే నేను ముందు తలకిందులు చేసి చూస్తాను. మంచి కంపెనీలు పొట్ట కిందో, తొడ లోపలి వైపో తమ పేరు, సంవత్సరం అచ్చు వేస్తాయి. ఆ సంవత్సరం నాకు ధర కన్నా ముఖ్యం. ఎందుకంటే డైనోసార్ బొమ్మ ఎప్పుడూ తాను పుట్టిన ఏడాది నాటి విజ్ఞానాన్నే చెబుతుంది.

స్పైనోసారస్ కథ చూడండి. 2014కి ముందు చేసిన స్పైనోసారస్ బొమ్మలు టైరనోసారస్‌లా పొడవాటి వెనక కాళ్ళ మీద నిలబడి ఉంటాయి, వీపు మీద తెరచాప ఒక్కటే తేడా. 2014లో మొరాకో శిలాజాల ఆధారంగా వచ్చిన పరిశోధన దాని వెనక కాళ్ళు చాలా పొట్టివని చెప్పింది. వెంటనే బొమ్మల కాళ్ళు పొట్టివయ్యాయి, కొన్ని నాలుగు కాళ్ళ మీదికి వంగాయి. 2020లో తోక ఎముకల మీద పరిశోధన వచ్చింది. తోక సన్నటి కొరడాలా కాదు, నీళ్ళని నెట్టే తెడ్డులా వెడల్పుగా ఉందని తేలింది. ఆ తర్వాతి బొమ్మలకి తెడ్డు తోకలు వచ్చాయి. మా అలమరలో ఈ మూడు తరాల స్పైనోసారస్‌లూ వరసగా ఉన్నాయి. ఇంటికి వచ్చిన పిల్లలకి మా అమ్మాయి ఆ వరస చూపించి, ఏ ఏడాది ఏం తెలిసిందో చెబుతుంది. స్కూలు పుస్తకంలో ఏ పాఠమూ ఆమెకి అంత ఇష్టంగా రాలేదు.

టైరనోసారస్ విషయంలో 2017 చిత్రమైన సంవత్సరం. సఫారీ వాళ్ళు వీపు నిండా ఈకలున్న టైరనోసారస్ తెచ్చారు. అప్పటికి అది సాహసమే గానీ, ఆధారం లేకుండా చేసింది కాదు. దాని బంధువు, దాదాపు 9 మీటర్ల పొడవున్న యూటిరానస్‌కి ఈకలున్నట్టు చైనా శిలాజాలతో 2012లోనే తెలిసింది. కానీ అదే 2017లో టైరనోసారస్ చర్మం అచ్చుల మీద పరిశోధన వచ్చింది. మెడ, తుంటి, తోక భాగాల నుంచి దొరికిన ముక్కల్లో కనిపించినవి పొలుసులు. దాంతో ఒళ్ళంతా ఈకలున్న టైరనోసారస్ వెనక్కి తగ్గింది. ఆ సఫారీ బొమ్మ నా దగ్గర ఉంది, అమ్మను. ఒక ఏడాది మనం ఏమనుకున్నామో అది నిజాయితీగా దాచిపెట్టింది.

పెదవుల మాట కూడా అంతే. టైరనోసారస్ లాంటి మాంసాహారుల పళ్ళు మొసలికిలా ఎప్పుడూ బయటికి కనిపించేవి కావని, బల్లికిలా పెదవుల వెనక దాగి ఉండేవని 2023లో వచ్చిన పరిశోధన వాదించింది. పళ్ళు కనిపించని టైరనోసారస్ బొమ్మని చూసి "భయంగా లేదే" అనుకోకండి. నాకు మాత్రం నోరు మూసుకుని నిలబడ్డదే ఎక్కువ బతికున్నట్టు అనిపిస్తుంది.

చేతిలో పట్టుకుని చూడాల్సినవి

పెద్ద చదువు అక్కర్లేదు, నాలుగైదు గుర్తులు తెలిస్తే చాలు.

రెండు కాళ్ళ మాంసాహారి అయితే ముందు చేతులు చూడండి. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. చప్పట్లు కొట్టబోతున్నట్టు ఉండాలి గానీ తబలా వాయిస్తున్నట్టు కిందికి ఉండకూడదు. వాటి మణికట్టు అలా కిందికి తిరిగేది కాదు. ఈ ఒక్క గుర్తుతో సగం బొమ్మల్ని జల్లెడ పట్టొచ్చు. టైరనోసారస్‌కి చేతికి రెండే వేళ్ళు. మూడు కనిపిస్తే ఆ బొమ్మ చేసినవాళ్ళు ఎముకల వైపు చూడలేదన్నమాట.

తోక నేలకి ఆనకూడదు. రెండు కాళ్ళ బొమ్మ నిలబడటం కష్టం కాబట్టి పాతకాలం తయారీదారులు తోకని మూడో కాలుగా వాడుకున్నారు. తోక గాల్లో ఉంచి కూడా బొమ్మ నిలబడేలా చేయడం పనితనం.

పొడవు మెడ శాకాహారులకి, అంటే కోటసారస్ కుటుంబానికి, ముందరి పాదాలు చూడాలి. చౌక బొమ్మల్లో ఏనుగు కాళ్ళకిలా చుట్టూ గోళ్ళు పెట్టేస్తారు. ముందు పాదం నిజానికి స్తంభం అడుగులా ఉంటుంది, బొటనవేలికి ఒక్క గోరు. వెనక పాదాల గోళ్ళు వేరు. స్టెగోసారస్‌కి తోక చివర ముళ్ళు నాలుగు.

వెలోసిరాప్టర్ అని పేరున్న బొమ్మకి ఈకలు లేకపోతే అది సినిమా జంతువే. మంగోలియాలో దొరికిన వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకల కుదుళ్ళు నాటుకున్న బుడిపెలు ఉన్నట్టు 2007లోనే చూపించారు. తోకతో కలిపి రెండు మీటర్లున్న జంతువు అది. మన పెరట్లో తిరిగే సీమకోడి కన్నా కాస్త పెద్దది.

రంగు విషయంలో మాత్రం పట్టు విడుపులు ఉండాలి. చాలా డైనోసార్ల రంగు మనకి తెలియదు, శిల్పి ఊహే. కొన్నిటికి మాత్రం ఈకల్లో, చర్మంలో మిగిలిన వర్ణ కణాల జాడ దొరికింది. సైనోసారాప్టెరిక్స్ తోక మీద ఇటుక రంగు, తెలుపు చారలు ఉండేవని 2010లో, సిట్టకోసారస్ పైన ముదురుగా, పొట్ట కింద లేతగా ఉండేదని 2016లో తేల్చారు. ఈ రెండు జంతువుల బొమ్మలు కొంటుంటే ఆ రంగులు ఉన్నాయో లేదో చూడండి. మిగతా వాటికి మీ కంటికి నచ్చింది తీసుకోండి. అంత పెద్ద జంతువులకి చిలకపచ్చ నాకు నచ్చదు, అది నా రుచి.

ఎవరి బొమ్మ ఎవరికి

జర్మనీ కంపెనీ ష్లైక్ 1935 నుంచి ఉంది. మన దగ్గర పెద్ద బొమ్మల షాపుల్లో అద్దాల వెనక తేలిగ్గా కనిపించే పేరు ఇదే. గట్టిగా ఉంటాయి, చేత్తో రంగులు వేస్తారు, పిల్లలు నేలకేసి కొట్టినా తట్టుకుంటాయి. కానీ తలలు, పాదాలు కొంచెం పెద్దవిగా, ఆట కోసం చేసినట్టు ఉంటాయి. ఆరేళ్ళ పిల్లాడికి పుట్టినరోజు కానుక అయితే నిస్సందేహంగా ఇది. ఎముకకు నిజం కావాలనుకునే అలమరకి మాత్రం ఆగండి.

కలెక్టా గురించి ఎక్కువ మందికి తెలియదు, తెలియాలి. ఎవరూ పట్టించుకోని జంతువుల్ని బొమ్మలుగా చేసే ధైర్యం ఈ కంపెనీది. టైరనోసారస్, ట్రైసెరటాప్స్, స్టెగోసారస్ దాటి ముందుకెళ్ళాలనుకునే వాళ్ళకి మంచి గని. డీలక్స్ అని వచ్చే వరస 1:40 స్కేల్లో, అంటే అసలు జంతువు పొడవులో నలభయ్యో వంతుగా ఉంటుంది. పాత కలెక్టా బొమ్మలు కొన్ని అంత బాగుండవు, కాబట్టి ఇక్కడ కూడా పొట్ట కింద సంవత్సరం చూసి కొత్తవి తీసుకోండి.

ఇక బీజింగ్‌కి చెందిన పీఎన్ఎస్ఓ. చిత్రకారుడు జావో చువాంగ్ గీసిన రూపాల నుంచి పుట్టిన బొమ్మలివి. కంటికి నిజం, ఎముకకు నిజం రెండూ కలిసిన చోటు నా దృష్టిలో ఇదే. ప్రతి బొమ్మకీ ఒక పేరు పెడతారు. వాళ్ళ టైరనోసారస్ ఒకదాని పేరు విల్సన్. మా ఇంట్లో దాన్ని ఎవరూ టైరనోసారస్ అనరు, విల్సన్ అనే పిలుస్తారు. రెండు కాళ్ళ బొమ్మలకి చాలావాటికి ఆధారంగా ఒక పారదర్శకమైన కర్ర కూడా ఇస్తారు, దాని విలువ కింద వేడి గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది. ధర ఎక్కువ. సఫారీ బొమ్మలు రెండు మూడు వచ్చే డబ్బుకి ఇది ఒకటి వస్తుంది. అయినా ఏడాదికి ఒక్కటే కొంటాను అనుకునే వాళ్ళకి నా సలహా పీఎన్ఎస్ఓనే.

అంత పెట్టలేం, కానీ ఆ స్థాయికి దగ్గర్లో కావాలి అనేవాళ్ళకి ఈమధ్య చైనా నుంచే హావోలాంగ్‌గుడ్ వచ్చింది. 1:35 స్కేల్, ఒకే జంతువుని రెండు రంగుల్లో ఇస్తారు. పని నాణ్యం చూస్తే పెట్టిన డబ్బుకి ఎక్కువే ఇస్తున్నారు. బొమ్మ బొమ్మకీ రంగు వేయడంలో తేడాలుంటాయి కాబట్టి, వీలైతే అమ్మేవాళ్ళని మీకు పంపబోయే బొమ్మ ఫొటోనే అడగండి.

స్పెయిన్‌కి చెందిన ఇయోఫౌనా మొదట పాతకాలపు ఏనుగులతో మొదలుపెట్టింది, తర్వాత డైనోసార్లకి వచ్చింది. వాళ్ళు చేసినవి తక్కువే. కండరాలు, ఎముకల లెక్క అంత జాగ్రత్తగా చూసుకునే వాళ్ళు తక్కువ. వాళ్ళ జైగానోటోసారస్ చూస్తే కొలిచి చేసిన బొమ్మ అంటే ఏమిటో తెలుస్తుంది. రెబోర్ అనే కంపెనీ దీనికి పూర్తిగా అవతలి వైపు. నాటకీయమైన భంగిమలు, వేట దృశ్యాలు. చూడటానికి భీకరంగా ఉంటాయి. నాకు అంతగా పట్టవు, కంటికి నిజం కోరేవాళ్ళకి పండగ.

కాళ్ళూ చేతులూ కదిలించి కొత్త కొత్త భంగిమలు పెట్టాలనుకుంటే రెండు దారులు. సినిమా రూపాలు చాలనుకుంటే మాటెల్ వారి హామండ్ కలెక్షన్. ఈకలున్న రాప్టర్లు, అంటే వెలోసిరాప్టర్ లాంటివి, కావాలంటే డేవిడ్ సిల్వా అనే శిల్పి మొదలుపెట్టిన బీస్ట్స్ ఆఫ్ ది మెసోజోయిక్. అతని రాప్టర్లు 1:6 స్కేల్లో ఉంటాయి. అంటే వెలోసిరాప్టర్ బొమ్మ ఒక అడుగు పైనే. ఇంటికి పిల్లలు వస్తే తాళం వేసే అలమర ఉండాలి, ఎందుకంటే వేళ్ళ కీళ్ళు సన్నగా ఉంటాయి.

పాత బొమ్మల మీద మోజు పుడితే మాత్రం జాగ్రత్త, అదొక వేరే లోకం. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం 1970లలో ఇన్విక్టా చేసిన ఒకే రంగు బొమ్మలు, బాస్టన్ సైన్స్ మ్యూజియం కోసం 1990లలో బట్టాట్ చేసినవి, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంతో కలిసి సఫారీ 2015 దాకా తెచ్చిన కార్నెగీ కలెక్షన్. వీటి ధరలు అరుదును బట్టి ఉంటాయి, నాణ్యాన్ని బట్టి కాదు. మొదటి రెండేళ్ళు అటు వెళ్ళొద్దు.

స్కేల్ ముందే తేల్చుకోండి

నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. నచ్చినవన్నీ కొన్నాను. చివరికి అలమరలో చూస్తే ట్రైసెరటాప్స్, దాని పక్కన అంతే పొడవున్న వెలోసిరాప్టర్. రెండూ విడివిడిగా బాగున్నాయి, కలిపి పెడితే అబద్ధం. సఫారీ, ష్లైక్, పాపో మామూలు వరసల్లో ఒకే స్కేల్ పాటించరు. బొమ్మలన్నీ దాదాపు ఒకే పెట్టెలో పట్టేలా చేస్తారు. అందుకే కొలిచి కొనాలి.

లెక్క సులువు. జంతువు అసలు పొడవుని సెంటీమీటర్లలోకి మార్చి స్కేల్‌తో భాగించండి. 12 మీటర్ల టైరనోసారస్ అంటే 1200 సెంటీమీటర్లు. 1:40లో 30 సెంటీమీటర్లు, 1:35లో 34. వెలోసిరాప్టర్ 1:40లో 5 సెంటీమీటర్లే, అంటే మన చూపుడు వేలంత కూడా ఉండదు. 22 మీటర్ల బ్రాకియోసారస్ 1:40లో 55 సెంటీమీటర్లు. మామూలు పుస్తకాల అరలో అది పొడవునా పట్టడమే కష్టం.

మన ఇళ్ళల్లో చోటు ఎంతో మనకి తెలుసు. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళకి 1:35 దాటి పెద్దది వద్దంటాను. 1:35, 1:40 మధ్య తేడా కంటికి పెద్దగా తెలియదు కాబట్టి ఆ రెండూ కలపొచ్చు. పీఎన్ఎస్ఓ, హావోలాంగ్‌గుడ్, కలెక్టా డీలక్స్ పక్కపక్కన పెట్టినా ఒకే అడవిలో జంతువుల్లా కలిసిపోతాయి. సఫారీ నుంచి ఆ లెక్కకి సరిపోయేవి ఏరుకోవచ్చు. నేను అలాగే చేస్తున్నాను. సరిపోనివి మా తమ్ముడి పిల్లలకి ఇచ్చేశాను.

ఇంకో దారి కూడా ఉంది. ఒకే కాలం, ఒకే ప్రాంతం జంతువుల్ని మాత్రమే తీసుకోవడం. ఉత్తర అమెరికాలో డైనోసార్ల చివరి రోజుల్లో కలిసి బతికిన టైరనోసారస్, ట్రైసెరటాప్స్, ఎడ్మాంటోసారస్, ఆంకిలోసారస్. నాలుగు బొమ్మలతో ఒక అర నిండుతుంది, ఆ అర ఒక కథ చెబుతుంది. స్టెగోసారస్‌ని వాటి పక్కన పెట్టకండి. స్టెగోసారస్‌కీ టైరనోసారస్‌కీ మధ్య ఉన్న దూరం టైరనోసారస్‌కీ మనకీ మధ్య ఉన్న దూరం కన్నా ఎక్కువ.

సంక్రాంతి బొమ్మల కొలువులో మా అమ్మాయి ఆ నాలుగింటినీ కింది మెట్టు మీద పెడుతుంది. మొదటి ఏడాది మా అమ్మ కాస్త సందేహించింది. ఇప్పుడు పేరంటానికి వచ్చినవాళ్ళకి ఆవిడే పేర్లు చెబుతోంది, "ఎడ్మాంటోసారస్" అని ఎక్కడా తడబడకుండా.

మన ఎండ

ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం పీవీసీ. మెత్తగా ఉంటుంది, కింద పడితే పగలదు. కానీ వేడికి వంగుతుంది. బరువంతా రెండు సన్నటి కాళ్ళ మీద ఉన్న మాంసాహారులు ముందుకి వాలిపోతాయి. చల్లటి దేశాల్లో ఏళ్ళ తరబడి నిటారుగా నిలబడే బొమ్మ మన మే నెలలో మూడు వారాల్లో వంగుతుంది. పడమటి కిటికీ పక్కన పెట్టిన నా అలోసారస్ ఒక వేసవి సెలవుల్లో ఊరికెళ్ళి వచ్చేసరికి ముక్కు మీద పడి ఉంది.

సరిచేయడం కష్టం కాదు. బాగా వేడిగా ఉన్న నీళ్ళలో, మరుగుతున్నవి కాదు, వంగిన కాలుని ఒకటి రెండు నిమిషాలు ముంచి, మెత్తబడ్డాక మీకు కావాల్సిన కోణంలో పట్టుకుని వెంటనే చన్నీళ్ళలో పెట్టాలి. గట్టిపడే దాకా వదలకూడదు. నా అలోసారస్ రెండోసారికి సరిగ్గా నిలబడింది. దవడ కదిలే బొమ్మలైతే ఆ కీలు నీళ్ళకి దూరంగా ఉంచండి. విల్సన్‌కి ఆధారంగా ఉన్న కర్ర ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కర్ర లేని బొమ్మలకి నేను అక్రిలిక్ కడ్డీ కోసి పొట్ట కింద పెడుతున్నాను.

రెజిన్ బొమ్మలు వంగవు. వాటి మీద పని ఇంకా సూక్ష్మంగా ఉంటుంది, బరువుగా ఉంటాయి, చేతిలో పట్టుకుంటే రాయిలా గొప్పగా అనిపిస్తాయి. కానీ కింద పడితే ముక్కలే. కొరియర్‌లో కూడా ప్రమాదమే. పిల్లలున్న ఇంట్లో రెజిన్ వద్దు. పెద్దవాళ్ళు మాత్రమే ముట్టుకునే అలమర అయితే ఒకటి రెండు పెట్టుకోవచ్చు.

దుమ్ముకి మెత్తటి మేకప్ బ్రష్ చాలు. పాత పీవీసీ బొమ్మ జిగటగా అనిపిస్తే గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, రంగు వెలిసిపోతుంది.

కొనేటప్పుడు

మన దేశంలో ఈ అభిరుచికి ఉన్న అసలు అడ్డు ధర. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కాబట్టి విదేశీ సైట్‌లో కనిపించే ధర చూసి లెక్క వేసుకోకండి. సుంకం, రవాణా కలిపి ఎంతవుతుందో, ఆర్డర్ పెట్టే రోజుకి రేటు ఎంతుందో చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

మనవాళ్ళకి ఇంకో దారి ఉంది, అమెరికా నుంచి వచ్చే సూట్‌కేసు. మా బావ డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా రెండు బొమ్మలు తెస్తాడు. అడిగేటప్పుడు బరువూ కొలతలూ చెప్పి అడగండి. బట్టల మధ్య పెట్టమనండి, పెట్టె తీసేసి అయినా సరే. పెద్ద పొడవు మెడ బొమ్మల్ని మాత్రం ఎవర్నీ అడగొద్దు, వాళ్ళ బట్టలకి చోటుండదు.

నకిలీలు చాలా ఉన్నాయి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మూడో వంతు ధరకి వస్తోందని ఆశపడి తెప్పించాను. పెట్టె తెరవగానే గదంతా ఘాటు రసాయన వాసన. పొలుసులు కరిగిన మైనంలా ఉన్నాయి, కన్ను గుంటలోంచి రంగు బయటికి కారింది, పొట్ట కింద కంపెనీ పేరు లేదు. ఆ నాలుగు గుర్తులూ మనసులో పెట్టుకోండి. అమ్మేవాళ్ళు పొట్ట కింద ఫొటో పంపడానికి వెనకాడితే కొనకండి.

నుమాయిష్‌లో, బేగంబజార్‌లో డజను ఇంత అని దొరికే బోలు ప్లాస్టిక్ డైనోసార్లకీ వీటికీ పోలిక లేదు. కానీ పిల్లలకి ఆసక్తి ఉందో లేదో చూడటానికి ముందు అవి కొనడమే మంచిది. నాలుగు నెలల తర్వాత కూడా పేర్లు అడుగుతుంటే అప్పుడు సఫారీ దగ్గరికి రండి.

నన్ను గట్టిగా అడిగితే ఇలా చెబుతాను. ఏడేళ్ళ లోపు పిల్లలకి ష్లైక్. పేర్లు, కాలాలు గుక్క తిప్పుకోకుండా చెప్పే పదేళ్ళ వాళ్ళకి సఫారీ మూడు, కలెక్టా డీలక్స్ ఒకటి. ఒక అర, పరిమితమైన డబ్బు ఉన్న పెద్దవాళ్ళకి హావోలాంగ్‌గుడ్‌తో మొదలుపెట్టి ఏడాదికొక పీఎన్ఎస్ఓ. సినిమా జ్ఞాపకం కోసమే కొంటుంటే పాపో టైరనోసారస్ ఒక్కటి, అంతకన్నా ఏమీ వద్దు.

కోటసారస్ సంగతి మిగిలింది. ఎవరూ చేయడం లేదు కాబట్టి మేమే చేస్తున్నాం. 9 మీటర్లని 40తో భాగిస్తే 22న్నర సెంటీమీటర్లు. లోపల ఇనుప తీగ, పైన గాలికి ఆరే క్లే. ముందు పాదానికి ఒక్క గోరు మా అమ్మాయే సూదితో చెక్కింది. మెడ, ఒళ్ళు, తోక అయిపోయాయి. తల దగ్గర ఆగాం. తవ్వకాల్లో ఆ జంతువు పళ్ళు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. "మరి తల ఎలా పెట్టాలి నాన్నా?" అని అడిగితే నాకు జవాబు తోచలేదు. వచ్చే ఆదివారం స్కెచ్ పుస్తకం పట్టుకుని మళ్ళీ నౌబత్ పహాడ్ ఎక్కుతున్నాం. అప్పటిదాకా అది తల లేకుండానే పై అరలో ఆరుతోంది.